ఆవిడ చైర్మన్, ఆయన చైర్మన్‌గారు

ముందుగా ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఆ రోజు ఆవిడ చదివిన ఉపన్యాసం రాసింది నేనే. ఇప్పుడు ఎవరి మీద నవ్వినా ఆ నవ్వులో నా వాటా నాకు రావాలి కదా, అందుకని మొదటే చెప్పేస్తున్నాను.

2021 మార్చి 8, సోమవారం. తేదీ చూశారా? మన పండగ. ఆంధ్రప్రదేశ్‌లో మున్సిపల్ ఎన్నికల పోలింగు 10వ తేదీన. అంటే ప్రచారానికి ఆఖరి రోజు సరిగ్గా మహిళా దినోత్సవం నాడు పడింది. ఇంకేముంది! మా ఊళ్ళో ప్రతి పార్టీకీ ఆ పొద్దున్నే స్త్రీజాతి మీద గౌరవం పొంగుకొచ్చింది. సాయంత్రం మైకులు ఆగేదాకా పొంగుతూనే ఉంది.

ఊరి పేరు రాయను. కోస్తాలో ఒక మామూలు మున్సిపాలిటీ. ఒక గడియార స్తంభం, ఒక కూరగాయల మార్కెట్టు, వానొస్తే మునిగిపోయే బస్టాండు. పెద్ద ఊరైతే మేయరంటారు, మాది చిన్నది కనక చైర్మన్. కాగితాల మీద చైర్‌పర్సన్. పార్టీ పేరు కూడా రాయను. రాస్తే తక్కిన పార్టీలవాళ్ళు ఇది తమ గురించి కాదనుకుంటారు.

ఆవిడ 2014 జూలై నుంచి 2019 జూలై దాకా మా చైర్‌పర్సన్. ఆ తర్వాత పాలకవర్గం లేదు, స్పెషలాఫీసరు పాలన. ఈసారి కూడా చైర్మన్ పదవి ఆడవాళ్ళకే రిజర్వయింది కనక మళ్ళీ ఆవిడే నిలబడింది. ఆ ఐదేళ్ళూ ఊళ్ళో "చైర్మన్‌గారు" అంటే ఆవిడ భర్త. ఆవిణ్ణి "చైర్మన్‌గారి భార్య" అనేవాళ్ళు. అదేమిటి, చైర్మన్ ఆవిడే కదా అని నాబోటిది అడిగితే "అదేలెండి" అనేవాళ్ళు. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను గానీ, ఈ "అదేలెండి"కి అర్థం ఏ నిఘంటువులో చూడాలో నాకిప్పటికీ తెలీదు.

ఈ ఎన్నికలకి ఇంకో విశేషముంది. నామినేషన్లు 2020 మార్చిలోనే వేశారు. అంతలో కరోనా వచ్చి ఎన్నికలు ఆగిపోయాయి. ఏడాది తర్వాత ఆగినచోట నుంచే మళ్ళీ మొదలుపెట్టారు. దాంతో మొదటి విడత కట్టిన ఫ్లెక్సీలు కొన్ని ఏడాదిపాటు ఎండకీ వానకీ అలాగే వేలాడాయి. మా వీధి మలుపులో ఉన్నదాంట్లో ఆవిడ గులాబీరంగు చీర వెలిసి వెలిసి చివరికి తెల్లబడిపోయింది. మొహం కూడా సగం పోయింది. ఆయనకి మాత్రం ఏం కాలేదు. తెల్ల చొక్కాకి వెలిసేదేముంటుంది!

ఆ ఫ్లెక్సీనే కాస్త ఓపిగ్గా చదువుదాం. పైన వరసగా గుండ్రాల్లో పెద్ద నాయకులు. మధ్యలో నిలువెత్తున చేతులు జోడించి ఆయన. ఆయన మోచేతి దగ్గర, పాస్‌పోర్టు ఫొటో కన్నా కొంచెం పెద్దగా ఆవిడ. కింద ఆవిడ పేరుకి ముందు ఆయన ఇంటిపేరు, వెనక ఆయన పేరు. అన్నివైపుల నుంచీ కాపలా. పోటీ చేస్తున్నదెవరో తెలియాలంటే ముందు ఆయనెవరో తెలియాలి. ఇక ఆటో మైకు సంగతి. "మీ ఇంటి ఆడపడుచు, మీ అక్క, మీ చెల్లి, మన చైర్మన్‌గారి సతీమణి..." అని పొద్దున్న ఆరింటి నుంచీ తిరుగుతూనే ఉంది. నేను కాఫీ తాగుతూ లెక్కపెట్టాను. ఆడపడుచు, అక్క, చెల్లి, కోడలు, అమ్మ, సతీమణి, లక్ష్మి. ఏడు వరసలు కలిపారు. నాయకురాలు అన్న ఒక్క మాట రాలేదు.

నాకు ఫోనొచ్చింది అంతకు మూడు రోజుల ముందు. చేసింది ఆయనే. "మేడమ్, నమస్కారం. ఎనిమిదో తారీకు మహిళా దినోత్సవం కదా, ర్యాలీ పెట్టుకున్నాం. మా మేడమ్‌కి నాలుగు ముక్కలు రాసివ్వాలి మీరు. ఆవిడకి మాట్లాడ్డం రాదు." నేను ఉబ్బిపోయాను, అబద్ధమెందుకు. కాలేజీలో మహిళా విభాగం చూసినన్నాళ్ళూ ఈ ఊళ్ళో నన్నెవరూ సలహా అడిగిన పాపాన పోలేదు. ఒక పార్టీ సభలో, అంతమంది ముందు, నా మాటలు! ఆవిడకేం చెప్పాలనుందో ఒకసారి ఫోన్ ఇవ్వండి అని అడగాలని నాకు తట్టనైనా తట్టలేదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనుంది దీంతో.

మూడు పేజీలు రాశాను. క్లారా జెట్కిన్‌తో మొదలుపెట్టి సావిత్రీబాయి ఫూలే మీదుగా 74వ రాజ్యాంగ సవరణ దగ్గరికొచ్చాను. 243-టి అధికరణం కింద పట్టణ సంస్థల్లో ఆడవాళ్ళకి మూడోవంతుకి తగ్గకుండా స్థానాలు ఎలా వచ్చాయో, మన రాష్ట్రంలో 2014 ఎన్నికల నాటికి అవి సగం ఎలా అయ్యాయో వివరించాను. 1962లోనే హైదరాబాదుకి రాణీ కుముదినీదేవి మేయరయిందని గుర్తు చేశాను. "సాధికారత" అన్న మాట ఎన్నిసార్లు వాడానో చెప్పడానికి సిగ్గేస్తోంది.

ర్యాలీ పదింటికన్నారు, పదకొండున్నరకి కదిలింది. ముందు డప్పులు, వెనక డీజే బండి, ఆ వెనక కోలాటం ఆడే ఆడపిల్లలు, వాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుంటూ మోటారు సైకిళ్ళు. పై కప్పు తీసిన జీపులో ఆవిడ, ఆయన, మరో అరడజను మంది. కరోనా రోజులు కదా, అందరికీ పార్టీ గుర్తు అచ్చేసిన మాస్కులు పంచారు. మగవాళ్ళందరివీ గడ్డాల కిందికి జారిపోయాయి. ఆవిడ మాత్రం పద్ధతిగా పెట్టుకుంది. ఆవిడ నోటి మీద పార్టీ గుర్తు! నేనేమీ కల్పించడం లేదు, ఎదురుగా కనబడిందే రాస్తున్నాను.

వీధివీధికీ ఆడవాళ్ళు హారతి పళ్ళేలతో నిలబడి ఉన్నారు. జీపు ఆగడం, బొట్టు పెట్టడం, హారతివ్వడం. ఆవిడ వంగి దణ్ణం పెడుతుంటే ఆయన వెనకనున్న కుర్రాడు పళ్ళెంలో నోటు వేసేవాడు. ఒక సందులో మూడు పళ్ళేలు తిరిగి మళ్ళీ మొదటి పళ్ళెమే వచ్చింది. కుర్రాడు గుర్తుపట్టి "నీది అయిపోయింది కదే మామ్మా" అన్నాడు. ఆ ముసలావిడ తడుముకోకుండా "ఇందాకటిది ఆవిడికి నాయనా, ఇది ఆయనకి. ఇద్దరున్నారు గదా చైర్మన్లు" అంది. ఆ రోజు నేను విన్న రాజకీయ విశ్లేషణల్లో దీన్ని మించింది లేదు.

గడియార స్తంభం దగ్గర షామియానా. ముందు వరసలన్నీ ఆడవాళ్ళు. ఫొటోల కోసం. పొదుపు సంఘాల నుంచి ఆర్.పి.లు నోటు పుస్తకం పట్టుకుని హాజరు వేసుకుంటున్నారు. రాకపోతే లోనుకి సంతకం దగ్గర ఇబ్బంది పెడతారని నా పక్కనావిడ చెప్పింది. తెల్లారగట్ట నాలుగింటికి లేచి రోడ్లు ఊడ్చి, ఇంటికెళ్ళి వంట చేసి, మళ్ళీ ఇక్కడికొచ్చి కూర్చున్న పారిశుధ్య కార్మికులున్నారు. తలా ఒక బిర్యానీ పొట్లం, మూడొందలు అని వినికిడి. అందులో వంద దారిలోనే ఎవరి చేతికో అంటుకుపోతుందట. సొమ్మొకడిది, సోకొకడిది. ఎండ మాత్రం వీళ్ళది.

ఒంటిగంటయింది. నాకు బాత్రూముకి వెళ్ళాల్సిన అవసరం పడింది. షుగరుంది, ఆపుకోలేను. మహిళా దినోత్సవ సభకి ఇంతమంది ఆడవాళ్ళని తెచ్చి కూర్చోబెట్టినవాళ్ళు దీని గురించి ఆలోచించలేదు. ఎందుకాలోచిస్తారు? వాళ్ళకి గోడలున్నాయి. లేచి మార్కెట్టు వైపు నడిచాను. అక్కడ ఆడవాళ్ళ మరుగుదొడ్డి ఉందని తెలుసు. ఉంది. తాళం వేసి ఉంది. తుప్పుపట్టిన తాళం. నాలాగే వచ్చి నిలబడినవాళ్ళు అప్పటికే అక్కడ ఐదారుగురున్నారు. చివరికి ఒక పారిశుధ్య కార్మికురాలే మమ్మల్ని మున్సిపలాఫీసు వెనక్కి తీసుకెళ్ళింది. దారిలో నేను విసుక్కున్నాను: "ఐదేళ్ళు చేసి ఏం ఒరగబెట్టింది మీ చైర్మనమ్మ? ఈ ఒక్క తాళం తీయించలేకపోయిందా?"

ఆమె ఆగి నా వైపు చూసింది. "ఆ దొడ్డి కట్టించిందే ఆవిడమ్మా. కూరగాయలమ్ముకునేవాళ్ళు పొద్దున్నుంచి చీకటిపడేదాకా నీళ్ళు తాగకుండా కూర్చుంటున్నారని మీటింగులో పట్టుబట్టింది. ఆయనకిష్టం లేదు. ఆ జాగాలో కొట్లు కట్టి అద్దెకిద్దామన్నాడు. ఆ ఒక్కసారి మాత్రం ఆవిడ వినలేదు. ఆవిడ దిగిపోయాక తాళమేశారు."

ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నదాన్ని. స్థానిక సంస్థల్లో మహిళల మీద రెండు సెమినార్లలో పత్రాలు చదివినదాన్ని. మా చైర్‌పర్సన్ చేసిన ఈ ఒక్క పనీ నాకు తెలీదు. కానీ ఆవిడ ఏ చీర కట్టుకుంటుందో, ఆగస్టు పదిహేనున జెండా తాడు ఎలా తికమకపడిందో, కమిషనర్ని "సార్" అని ఎలా పిలుస్తుందో అన్నీ తెలుసు. మా స్టాఫ్ రూములో వాటి మీద నవ్వుకున్న నవ్వులు కూడా గుర్తున్నాయి.

తిరిగొచ్చేసరికి వేదిక మీద ఉపన్యాసాలు సాగుతున్నాయి. వేదిక మీద ఇరవై ఆరుగురు. ఆడవాళ్ళు ఇద్దరు: ఆవిడ, జ్యోతి వెలిగించడానికి అగ్గిపెట్టె పట్టుకున్న ఒకమ్మాయి. పెద్ద నాయకుడు నలభై నిమిషాలు మాట్లాడాడు. స్త్రీ భూదేవి అన్నాడు, ఓర్పు అన్నాడు. ఎండలో కూర్చున్నవాళ్ళ ఓర్పు చూస్తే ఆ మాట నిజమే అనిపించింది. తర్వాత ఆయన లేచాడు. "నేను చైర్మన్‌గా ఉన్న ఐదేళ్ళలో..." అని మొదలుపెట్టాడు. నోరు జారాడనుకుని చుట్టూ చూశాను. ఒక్కరి మొహంలోనూ మార్పు లేదు. ఆయన నోరు జారనే లేదు, జారాననుకుంటే కదా!

అప్పుడు ఆవిడకి మైకిచ్చారు. చేతిలో కాగితం. నా మూడు పేజీలు ఒక్కటైపోయాయి. క్లారా జెట్కిన్ లేదు. రాజ్యాంగం లేదు. సావిత్రీబాయి ఉండాల్సిన చోట ఆడవాళ్ళని పూజిస్తే దేవతలు సంతోషిస్తారని చెప్పే మనువు శ్లోకం వచ్చి కూర్చుంది. నావి మిగిలినవల్లా సాధికారతలు. ఆవిడ "సా...ధికా..." అని ఆగింది. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆగింది. మగవాళ్ళ వైపు నుంచి నవ్వులు. నేను కూడా నవ్వాను. ఏమీ చెయ్యలేక వచ్చే నవ్వుంటుంది చూశారూ, అది. ఆవిడ మాస్కు కిందికి లాగి, కాగితం మడిచి చేతిలో పెట్టుకుంది.

"నాకీ మాటలు రావు. మార్కెట్లో దొడ్డి తాళం తీయిస్తాను. కట్టించింది నేను. వెయ్యమని నేను చెప్పలేదు."

అంతే. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత ముందు వరసల్లోంచి చప్పట్లు మొదలయ్యాయి. అప్పటిదాకా ఆర్.పి. చెయ్యూపితే కొట్టిన చప్పట్లు వేరు, ఇవి వేరు. వెనక నుంచి ఎవరో ఈల కూడా వేశారు, ఆడమనిషే. ఆయన నవ్వుతూ వచ్చి, ఎంతో మర్యాదగా, ఆవిడ చేతిలోంచి మైకు తీసుకున్నాడు. "మేడమ్‌గారు ఎండకి అలిసిపోయారు. ఆడవాళ్ళ సంగతులు ఆడవాళ్ళు తర్వాత మాట్లాడుకుంటారు." డీజే మొదలైంది.

ఇప్పుడు అసలు గొడవకొస్తాను. ఇలాంటి కథ చెప్పగానే మన సభల్లో ఎవరో ఒకరు "డమ్మీ" అంటారు. ఆ మాట వినగానే అందరం అర్థమైనట్టు తలూపుతాం. నాదొక ప్రశ్న. ఈ డమ్మీకి పుంలింగం ఎందుకు లేదు? మా మున్సిపాలిటీలో ఎమ్మెల్యే చెప్పినచోట కళ్ళు మూసుకుని సంతకం పెట్టే మగ కౌన్సిలర్లు బోలెడుమంది. సారా కాంట్రాక్టరు డబ్బుతో గెలిచి, ఐదేళ్ళూ ఆయన పనులే చేసినవాడున్నాడు. తండ్రి చనిపోతే సీటు వారసత్వంగా వచ్చి, ఈరోజుకీ బాబాయి చెప్పందే నోరు విప్పనివాడున్నాడు. వాళ్ళని డమ్మీలన్నవాడు లేడు. వాళ్ళది "విధేయత". వాళ్ళ వల్ల మగవాళ్ళకి ఎన్నికల్లో నిలబడే అర్హత లేదని ఎవరూ తేల్చలేదు. ఆవిడ కాగితం తడబడితే మాత్రం రిజర్వేషన్లే దండగన్నారు. చట్టసభల్లో మూడోవంతు కోసం 1996 నుంచి బిల్లులు పెడుతూ, ఆపుతూ, చింపుతూ 2023 దాకా లాగారు కదా, ఆ ఇరవై ఏడేళ్ళూ "పెళ్ళాల పేరుతో మొగుళ్ళే ఏలతారు" అన్న మాట వినని టీకొట్టు ఉందా? ఏలే మొగుడు తప్పుచేసినవాడు కాడు, ఏలబడే పెళ్ళాం తప్పుచేసినది! ఎద్దు పుండు కాకికి రుచి అన్నట్టుంది ఈ వాదన.

2025 మార్చిలో ఛత్తీస్‌గఢ్‌లోని కబీర్‌ధామ్ జిల్లా పరస్వారా పంచాయతీలో గెలిచిన ఆరుగురు ఆడవాళ్ళ బదులు వాళ్ళ భర్తలు ప్రమాణ స్వీకారం చేసేశారు. పేపర్లలో చదివి అందరం నవ్వుకున్నాం. నేను అడిగేది ఒకటే, ఆ ప్రమాణం చేయించిందెవరు? ఎదురుగా కాగితం పట్టుకుని ఒక పంచాయతీ కార్యదర్శి ఉన్నాడు కదా! ఇలాంటి భర్తలకి కఠినమైన శిక్షలుండాలని కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వేసిన కమిటీ అదే ఏడాది సిఫారసు చేసింది. చేస్తే మంచిదే. కానీ భర్తకి కుర్చీ వేసినవాడి సంగతేమిటి? మా ఊళ్ళో ఐదేళ్ళపాటు సమీక్షా సమావేశాల్లో కమిషనర్ పక్కన ఆయన కూర్చున్నాడు. కుర్చీ నడుచుకుంటూ రాలేదు. గెలవని మనిషి గదిలో ఉన్నంతసేపు సమావేశం మొదలుపెట్టనని ఒక్క కమిషనర్, ఒక్కసారి అని ఉంటే చాలు. దాన్ని భార్యాభర్తల గొడవగా చూడ్డం అందరికీ సుఖం. అధికారికి సుఖం, పార్టీకి మరీ సుఖం. టిక్కెట్టిచ్చేటప్పుడు పార్టీ ఆవిడతో ఒక్క మాటైనా మాట్లాడలేదు. ఆయనతో మాట్లాడి, ఆవిడ సంతకం తెప్పించుకుంది.

అసలు ఆ ర్యాలీలో ఉన్న పెద్ద హాస్యం నేనింకా చెప్పలేదు. ఊరంతా తిరిగి "మళ్ళీ చైర్మన్‌గా గెలిపించండి" అని దణ్ణాలు పెట్టారు కదా, చైర్మన్‌ని ఊరు ఎన్నుకోదు! 2000 ఎన్నికల్లో మేయర్లనీ చైర్మన్లనీ జనమే నేరుగా ఎన్నుకున్నారు. విజయవాడలో పంచుమర్తి అనురాధ ఇరవై ఆరేళ్ళకే మేయరయింది అలాగే. 2005 నుంచి ఆ పద్ధతి పోయింది. వార్డు సభ్యులు, ఎక్స్ అఫీషియో సభ్యులైన ఎమ్మెల్యేలూ ఎంపీలూ కలిసి చేతులెత్తుతారు. విప్ ఉంటుంది. అంటే హారతి పట్టినవాళ్ళలో, చప్పట్లు కొట్టినవాళ్ళలో, ఆవిడ వార్డువాళ్ళు తప్ప ఇంకెవరూ ఆవిడకి ఓటేసే వీలే లేదు. నేరుగా ఎన్నుకుంటే అన్నీ బాగుపడతాయని నేనను. కానీ ఆ చప్పట్లకి ఒక లెక్క ఉండేది.

14న లెక్కింపు. ఆవిడ వార్డులో గెలిచింది. పార్టీకి మెజారిటీ వచ్చింది. 18న చైర్మన్ ఎన్నిక. సీల్డు కవరు తెరిచారు. అందులో ఇంకో పేరుంది. ఆవిడా ఆడమనిషే, రిజర్వేషను కదా. ఇరవై ఏడేళ్ళ అమ్మాయి, మావగారు రోడ్ల కాంట్రాక్టరు. అందరూ చేతులెత్తారు. మా మాజీ చైర్మన్‌గారు మొహం ముడుచుకుని ఆ సాయంత్రమే ఫోన్ స్విచ్చాఫ్ చేశారట. ఫ్లెక్సీలు ఆయనవి, ఖర్చు ఆయనది, ఊరేగింపు ఆయనది. పాపం అనాలనిపించింది గానీ అనలేదు. మొగుడి తర్వాత ఈసారి మావగారి వంతు వచ్చిందంతే.

ఆవిడ సంగతి చెప్పాలి. మే నెలలో ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది. ఆవిడే, స్వయంగా. ఆవిడ గొంతు మైకు లేకుండా వినడం నాకదే మొదలు. నేను క్షమాపణలాంటిదేదో నసిగాను, ఆ ఉపన్యాసం గురించి. "అయ్యో, మీరేం చేస్తారు మేడమ్, బాగా రాశారంట. నాకే చదవడం రాలేదు" అంది. ఇంకాస్త సిగ్గుపడ్డాను. తర్వాత అసలు విషయం చెప్పింది. "కౌన్సిల్ మీటింగులో ఎజెండాలో ఒకటి పెట్టించాలి. చైర్మన్‌గా ఉన్నప్పుడు ఎవరో తెచ్చినవాటి మీద సంతకం పెట్టాను గానీ, కౌన్సిలరుగా ఎలా పెట్టాలో తెలీదు. రాసివ్వండి. పెద్దమాటలొద్దు."

ఈసారి అడిగాను, ఏం రాయమంటారని. ఆవిడ చెప్పింది, నేను రాశాను. మూడే వాక్యాలు. మార్కెట్టు మరుగుదొడ్డి ఏ తేదీన తెరిచారు, ఏ తేదీన ఎవరి ఉత్తర్వు మీద మూశారు, ఎప్పుడు తెరుస్తారు. కింద సంతకం పెట్టేటప్పుడు ఆయన పేరు రాయలేదు. ఇంటిపేరు రాసింది, అదేలెండి.

జూలైలో తాళం తీశారు. కొత్త చైర్మన్ మావగారొచ్చి రిబ్బను కత్తిరించారు. దసరా దాటాక నీళ్ళ మోటారు కాలిపోయిందని మళ్ళీ వేశారు. ఆవిడ మళ్ళీ కాగితం పెట్టింది. ఈసారి నన్నడగలేదు, తనే రాసుకుంది. "మోటారు" అన్న మాట తప్పు రాసింది. నేను దిద్దలేదు.